పాత హోటల్ పడకగది అందం ఇంటికి రావాలంటే

పునరుద్ధరించిన పాత హోటల్లో బస చేసి వచ్చారు, మీ పడకగదీ అలాగే ఉండాలనిపిస్తోంది, పాతకాలపు పందిరి మంచం, ఇత్తడి దీపాలు కొంటే సరిపోతుందా అని అడిగారు. నా అనుభవంలో సరిపోదు. అలాంటి హోటళ్లంటే నాకు చాలా ఇష్టం. ఎక్కడ దిగినా దీపం ఎంత ఎత్తున పెట్టారు, వైరు ఎటు నుంచి తెచ్చారు, బీరువా గోడకు ఎంత ఎడంగా ఉంది అని చూస్తాను. మా పడకగదిని మార్చినప్పుడు పనికొచ్చినవి ఆ గమనింపులే. ఆ గదుల అందం సామాన్ల వల్ల వచ్చేది కొంతే. బాగుచేసినవాళ్లు దేన్ని ముట్టుకోలేదు, కొత్త సౌకర్యాలను ఎక్కడ సర్దారు అన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంది.

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్ హోటల్నే తీసుకోండి. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన చేసిన ఆ భవనం 1873లో మిడ్‌ల్యాండ్ గ్రాండ్ పేరుతో తెరుచుకుంది. దర్జాకు లోటు లేదు కానీ గది గదికీ సొంత స్నానాల గది లేదు. అగ్నిప్రమాదాలను తట్టుకునేలా కట్టిన మందపాటి అంతస్తుల్లో తర్వాత పైపులు వేయడమూ తేలిక కాలేదు. చివరికి 1935లో మూతపడి, 2011లో మళ్లీ హోటలైంది. పాత భవనాలను బాగుచేసే అందరికీ ఎదురయ్యే చిక్కే ఇది: నీళ్లు, కరెంటు, ఏసీ అన్నీ రావాలి, పైకప్పు అంచున ఉన్న నగిషీ మాత్రం తెగకూడదు. అందుకు కొన్ని హోటళ్లు చక్కటి ఉపాయం చేస్తాయి. స్నానాల గదిని పైకప్పుదాకా కట్టకుండా, పెద్ద బీరువాను నిలబెట్టినట్టు పైన ఖాళీ వదిలి విడిగా నిలబెడతాయి. మంచం మీద పడుకుని చూస్తే పైకప్పు నాలుగు అంచులూ కనిపిస్తాయి. తప్పనిసరై చేర్చే కొత్త పని ఈ కాలానిదేనని తెలిసేలా ఉండాలని, పాత కట్టడాల సంరక్షణపై నిపుణులు రాసుకున్న 1964 నాటి అంతర్జాతీయ నియమావళి వెనిస్ చార్టర్ కూడా అంటుంది.

మన ఇళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. గోడ నిండా, పైకప్పు తాకేలా వార్డ్‌రోబ్ కట్టిస్తే గది అక్కడితో ఆగిపోయినట్టు ఉంటుంది. మేం విడిగా నిలబడే బీరువా పెట్టుకున్నాం, పైన అడుగుకు పైగా ఖాళీ ఉంది. సామాను పట్టే చోటు తగ్గిన మాట నిజమే, కానీ గది పెద్దదిగా కనిపిస్తోంది. ఫాల్స్ సీలింగ్ కూడా వద్దంటాను. తొమ్మిది, పది అడుగుల ఎత్తున్న గదిలో అర అడుగు పోతే తేడా వెంటనే తెలుస్తుంది. అదే కారణంగా మీ పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే పందిరి మంచం కొనకండి. దానికి తలమీద బోలెడు జాగా కావాలి. ఎత్తైన హెడ్‌బోర్డు చాలు.

ఇక వెలుతురు. నన్నడిగితే డబ్బంతా ముందు ఇక్కడే పెట్టండి. మంచి పాత హోటల్ గదిలో పైకప్పు మధ్య దీపం ఒక్కటే వేసి ఎవరూ కూర్చోరు. మంచానికి రెండు పక్కలా, రాతబల్ల మీద, కుర్చీ వెనక చిన్న చిన్న దీపాలుంటాయి. అన్నీ 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) దగ్గరి పసుపు వెలుగువే. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద టేకు కూడా బూడిద రంగుగా కనిపిస్తుంది. బల్బు డబ్బా మీద సీఆర్ఐ, అంటే రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూడండి, చెక్క, బట్ట అసలు రంగుల్లో కనిపించేది అప్పుడే. మంచం పక్క దీపం ఎత్తుకు ఒక లెక్క ఉంది: దిండుకు ఆనుకుని కూర్చుంటే షేడు కింది అంచు మీ కంటి ఎత్తుకు దగ్గరగా రావాలి. అంతకన్నా పైన ఉంటే బల్బు కళ్లలో పొడుస్తుంది, మరీ కిందుంటే పుస్తకం మీద వెలుగు పడదు. పెద్ద దీపానికి స్విచ్చు గుమ్మం దగ్గరా, మంచం దగ్గరా రెండు చోట్లా ఉండాలి.

కర్టెన్ల విషయం చిన్నదే. రాడ్డు కిటికీ చట్రానికి ఆనించి కాకుండా పైకప్పుకు దగ్గరగా బిగించండి, బట్ట నేల తాకాలి. కిటికీ వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల బట్ట తీసుకుంటేనే కుచ్చులు నిండుగా వస్తాయి. వెనక లైనింగ్ తప్పనిసరి.

గోడలకు సున్నపు రంగు వేయించాలని చాలామందికి ఉంటుంది. పాత భవనాల్లో అది అందం కోసం మాత్రమే కాదు. సున్నపు గార గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. అక్కడ సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ పాడవుతుంది. మీది సిమెంటు గోడ, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ ఉందంటే సున్నం నేరుగా పట్టుకోదు. పాత రంగు గీకించాలి, లేదా దానికి తగిన ప్రైమర్ వేయించాలి. అంత శ్రమ వద్దనుకుంటే మెరుపు లేని మ్యాట్ రంగు వేయించండి. మెత్తటి వెలుగులో గోడ చాలావరకు అలాగే కనిపిస్తుంది.

రోడ్డు చప్పుడు ఇబ్బంది పెడుతుంటే ఆ హోటళ్ల నుంచి ఇంకొకటి నేర్చుకోవచ్చు. పాత చెక్క కిటికీని తీసేయకుండా లోపలి వైపు రెండో అద్దపు కిటికీ పెడతారు. రెండింటి మధ్య 100 మిల్లీమీటర్లు, అంతకు మించి ఎడం ఉంటే శబ్దం బాగా తగ్గుతుంది. గోడ మందం సరిపోతుందో లేదో ముందు కొలిపించుకోండి.

మంచం ఎక్కడ వేస్తారో తేల్చుకున్నాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, దీపాల పాయింట్లు గుర్తుపెట్టించి, వైర్ల కోసం గోడలు చెక్కే పని ముగించండి. రంగు ఆ తర్వాతే. మంచం, బీరువా కొనడానికి తొందరేమీ లేదు. కొత్త దీపాల వెలుగులో కొన్నాళ్లు గడిపితే ఏ రంగు చెక్క నప్పుతుందో మీకే తెలుస్తుంది.