మా బాబుకి రోడ్డు రోలర్ పిచ్చి. ఎలాంటి బొమ్మ కొనాలి?

మీ నాలుగేళ్ల బాబు రోలర్ కనిపిస్తే అక్కణ్ణుంచి కదలడం లేదని, ఆవిరితో నడిచే రోలర్లు నిజంగా ఉండేవా అని, వాడికి ఏ బొమ్మ కొంటే బాగుంటుందని అడిగారు. మాది పాలకొండ వైపు. మా నాన్న రోడ్డు పనుల్లో మేస్త్రీ. బడి లేని రోజుల్లో నేను కంకర గుట్టల మీదే ఆడుకునేవాణ్ణి, అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆవిరివి ఉండేవి. మా నాన్న కుర్రతనంలో బొగ్గు రోలర్ని చూశారు. పొద్దున్న పని మొదలవ్వాలంటే చీకటితోనే లేచి పొయ్యి రాజేయాలి, ఆవిరి ఎక్కేదాకా కూర్చోవాలి, పైగా బొగ్గూ నీళ్లూ ఎప్పటికప్పుడు అందిస్తుండాలి. ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు ఏవెలింగ్ అండ్ పోర్టర్ కంపెనీ 1860ల నుంచి వీటిని చేసి దేశదేశాలకీ అమ్మింది. వాటి ముందు భాగాన ముంగాళ్లెత్తిన గుర్రం ఉండేది, అది కెంట్ గుర్తు. అదే దశాబ్దంలో కలకత్తా మునిసిపాలిటీ ఇంజనీరు క్లార్క్ కూడా, బాథో అనే ఆయనతో కలిసి, ఆ ఊరి రోడ్ల కోసం ఆవిరి రోలర్ ఒకటి తయారు చేయించాడు. అంటే ఈ బండి మన దేశానికి ఆలస్యంగా ఏమీ రాలేదు.

నేను చూసినవన్నీ డీజిల్‌వే. ముందొక ఇనప చక్రం, వెనక రెండు పెద్దవి, 8 నుంచి 10 టన్నుల బరువు. ఇప్పుడొచ్చే వైబ్రేటర్ రోలర్లు అదురుతూ తొక్కుతాయి గానీ, పాతవాటికి ఉన్న ఒకే ఒక్క విద్య బరువు. పని మాత్రం డ్రైవరు చేతిలో ఉండేది. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండాలి కదా, అందుకని అంచున మొదలెట్టి నడిమికి రావాలి. నడుమ నుంచి తొక్కితే కంకర పక్కలకి జరిగిపోయి ఆ వాలు పోతుంది, వానాకాలం నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. మలుపులో లోపలి పల్లపు అంచు నుంచి పైకి ఎక్కాలి. కంకర చక్రం ముందు అలలా జరుగుతున్నంతసేపూ అది ఇంకా కూర్చోలేదనే లెక్క. వేడి తారు మీదయితే బండిని నిలబెట్టకూడదు, నిలబెట్టిన చోట గుంట పడుతుంది. వెనక్కీ ముందుకీ మారేది కూడా చప్పున మారాలి. చక్రానికి తారు అంటకుండా నీళ్లు పోస్తుండాలి. మా వైపు తడిపిన గోనెపట్టా కూడా చక్రానికి ఆనించి కట్టేవారు, అది తిరుగుతున్నంతసేపూ బుస్సుమని ఆవిరొచ్చేది. మేం దగ్గరికెళ్తే డ్రైవరు మావయ్య పైనుంచి కేకేసేవాడు: "ఒరే గుంటా, అవతలికి పో, ఇది బేగి ఆగదు!" ఆయన కూర్చున్న చోటి నుంచి చక్రం ముందున్న పిల్లాడు కనపడడు మరి. మీ బాబుని చూడనివ్వండి, కానీ చెయ్యి పట్టుకుని, పక్కనుంచి. కార్టూన్లలో రోలర్ కింద పడ్డవాడు అప్పడంలా పలచబడి మళ్లీ లేచి నడుస్తాడు. ఆ వయసు పిల్లలు దాన్ని నమ్ముతారు.

పిల్లలకి ఇదంటే ఎందుకంత మోజంటే, నా లెక్కలో, ఇది మనిషి నడకతో పోతుంది. జేసీబీ చేసేది చూసేలోపే అయిపోతుంది. దీని పక్కన చిన్న కాళ్లతో నడుస్తూ కూడా ముందు గరుకునీ వెనక నునుపునీ చూడొచ్చు. 'బాబ్ ద బిల్డర్' చూసే పిల్లలకి రోలీ అనే ఆకుపచ్చ రోలర్ తెలుసు.

బొమ్మల్లో కూడా దీనిది పెద్ద చరిత్రే. లండన్‌లో లెస్నీ అనే కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలని నియమం ఉండేదట. ఆయన ఇత్తడితో బుల్లి రోడ్డు రోలర్ చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. మ్యాచ్‌బాక్స్ బొమ్మలు అక్కడ పుట్టాయి. 1953లో వచ్చిన ఆ వరసలో ఒకటో నంబరు రోడ్డు రోలరే. నిజంగా ఆవిరితో కదిలే మామోడ్ కంపెనీ రోలర్లు కూడా ఉన్నాయి, కానీ వాటిలో నిప్పు పెట్టాలి. నాలుగేళ్లవాడికి వద్దు, మీకు సరదా ఉంటే మీరు కొనుక్కోండి.

ఇక కొనే సంగతి. పైడితల్లమ్మ జాతర కొట్లలో దొరికే ప్లాస్టిక్ రోలర్లు చాలావరకు తేలిక. లైట్లు వెలుగుతాయి, పాటొస్తుంది, ఇసకలో తోస్తే మాత్రం చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోతుంది. రెండు రోజుల్లో మూల పడుతుంది. కొనేముందు చక్రాన్ని వేలితో తిప్పి చూడండి, చేతిలో బరువుందో లేదో చూడండి. ఇనపదో, గట్టి చెక్కదో దొరికితే రంగు కాస్త తక్కువైనా అదే తీసుకోండి.

నన్నడిగితే ముందు పాలపొడి డబ్బాతో చేసివ్వండి. మూతకీ అడుగుకీ సరిగ్గా నడిమిన మేకుతో బెజ్జం కొట్టి, సైకిల్ పుల్ల దూర్చి, తడి ఇసకని గట్టిగా కూరి మూత బిగించాలి. ఇసక వదులుగా ఉంటే డబ్బా కుదుపుతూ దొర్లుతుంది. పుల్ల రెండు కొసలకీ తీగ చుట్టి పొడుగ్గా లాగే పిడి కట్టండి, చుట్టు మాత్రం వదులుగా ఉండాలి. పెరట్లో మట్టి తడిపి, మీద చిన్న గులకరాళ్లు చల్లి వాడికి వదిలేయండి. తీగ కొసలు లోపలికి వంచడం మరిచిపోకండి, చేతికి గీరుకుంటాయి.