సెల్లారులో సింకు పెట్టే ముందు

చిరంజీవి గౌరికి,

మామయ్య ఆశీస్సులు. సెల్లారులో బట్టల సింకు నువ్వే బిగించి, ఉన్న మురుగు లైనుకి నువ్వే కలుపుతానన్నావని మీ అమ్మ చెప్పింది. ఇంకెన్నాళ్లు నేలమీద వంగి ఉతుకుతుందని ఆలోచించావు చూడు, దానికే నా కడుపు నిండిపోయింది తల్లీ. కానీ మన శ్రీకాకుళంలో సెల్లారు, మురుగు అన్న రెండు మాటలు కలిస్తే నాకు గుబులే.

సింకు బిగించడం నీకు చెప్పక్కర్లేదు. పైపు 50 మిల్లీమీటర్లది తీసుకో, బట్టల పీచుకి 32 సరిపోదు. వాటం మీటరుకి 2 సెంటీమీటర్లు.

అసలు చూడాల్సింది లెవెల్. మేడమీద నుంచి దిగే 110 మిల్లీమీటర్ల మురుగు పైపు గోడ వెంబడే కనబడుతోంది కదా అని చాలామంది దానికే టీ (T ఆకారపు జాయింటు) వేసి కలిపేస్తారు. ఎండాకాలమంతా బాగానే పోతుంది. ముసురు పట్టి వీధి కాలువ నిండితే ఇంటి బయట మురుగు చాంబరులో నీళ్లు ఎగదన్నుతాయి. అప్పుడు మేడమీద ఎవరు ఫ్లష్ నొక్కినా ఆ నీళ్లకి బయటికి దారుండదు. అన్నిటికన్నా కిందున్న నోట్లోంచి వస్తాయి. ఆ నోరు నీ సింకే. ముందు జాలీలో బుడగలు లేస్తాయి, వెనకే నల్లనీళ్లు. మూత బిగించినా ఆగదు, ఓవర్‌ఫ్లో కన్నంలోంచి వస్తుంది.

అందుకని తాపీమేస్త్రి లెవెల్ చూసే నీళ్లగొట్టం అడిగి తెచ్చుకో. చాంబరు మూత లెవెల్ సెల్లారు గోడమీద గీత పెట్టు. మూత నుంచి లోపల నీరు పారే అడుగుదాకా టేపుతో కొలిచి, అంత కిందికి రెండో గీత పెట్టు. ట్రాప్ (సింకు కింద నీళ్లు నిలిచి కంపుని ఆపే వంపు) నుంచి బయల్దేరిన పైపు, వాటం పోగా, కింది గీతకి పైనే చేరాలి. సింకు అంచు పైగీతకి పైన ఉండాలి. రెండూ కుదిరితే నేరుగా కలుపు. అంచు ఒక్కటే కిందికొస్తే సింకు లైనులో నీళ్లని వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వు పెట్టు, మూత విప్పి కడుక్కునే రకం. పైపే కిందికి పోతే సింకు నీళ్లు చేరే చిన్న సంపు, వాటిని పైకి తోడే పంపు తప్పవు. పంపు నుంచి వచ్చే డెలివరీ పైపుని చాంబరు మూత కన్నా ఎత్తుకి లేపి వంచి దించు, దానికీ వాల్వు ఉండాలి. మేడమీది నీళ్లు మాత్రం ఆ సంపులోకి రానివ్వకు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో నీకూ తెలుసు. పంపు ఆగినా కొంప మునగకూడదు.

కలిపేచోట టీ వద్దు, శుభ్రం చేసుకునే డోరున్న వై (Y ఆకారపు జాయింటు) వెయ్యి. నిలువు పైపు అడుగు వంపుకి మీటరుకి మించిన దూరంలో కలుపు, ఆ వంపు దగ్గర నురగ, గాలి వెనక్కి తంతాయి. సింకు కింద 50 మిల్లీమీటర్ల నీరు నిలిచే పి-ట్రాప్ పెట్టు. ఆ ముడతల గొట్టం కన్నంలో దూర్చావని తెలిసిందో, ఊరుకోను. ట్రాప్ నుంచి, లైనులోకి గాలి వచ్చే వెంటు పైపు దాకా మొత్తం వాటం 50 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే సింకు ఖాళీ అయ్యేటప్పుడు ట్రాప్‌లో నీళ్లు కూడా లాగేసుకుని కంపు పైకొస్తుంది.

పైపులు అతికించే సొల్యూషన్ రాసేటప్పుడు తలుపులు బార్లా తీసి ఫ్యాను పెట్టుకో తల్లీ, మూసిన సెల్లారులో ఆ ఆవిరి తలకెక్కుతుంది. దీపం, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకు. రాత్రంతా ఆరనిచ్చి, సింకు అంచుదాకా నింపి ఒక్కసారి వదులు. ప్రతి జాయింటు కిందా పేపరు పరిస్తే ఎక్కడ తడిసిందో తెలుస్తుంది.

పైపు కొనకముందే ఆ రెండు గీతల కొలతలు నాకు పంపు.

మీ మామయ్య