నాన్న ఫ్యాక్టరీ మెక్సికోకు పోతోంది, నేను చదువు మానేయాలా?

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం, గ్రీన్ కార్డు ఉంది. మా నాన్నగారికి 54 ఏళ్లు. కారు విడిభాగాల ప్లాంటులో మోల్డింగ్ మెషిన్ ఆపరేటర్. పనంతా మెక్సికోకు తరలిస్తున్నామని, రెండు నెలల్లో ప్లాంటు మూసేస్తామని నోటీసు ఇచ్చారు. ఇలాంటివాళ్ల కోసం ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అనే పథకం ఉందట. ఎలా అప్లై చేయాలి? నేను యూనివర్సిటీలో రెండో ఏడాది. మానేసి ఉద్యోగం చూసుకోనా?

జవాబు: ముందు చేదు సంగతి. ఆ పథకం ఉన్నమాట నిజమే కానీ, కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. 1962లో మొదలై, 1974 చట్టంతో విస్తరించిన ఈ పథకం (టీఏఏ) కింద శిక్షణ ఖర్చు ఇచ్చేవారు, నిరుద్యోగ భృతి అయిపోయాక కూడా వారం వారం డబ్బు వచ్చేది. 50 దాటినవాళ్లు తక్కువ జీతానికి చేరితే, తేడాలో సగం, రెండేళ్లలో 10,000 డాలర్ల దాకా, ప్రభుత్వమే ఇచ్చేది. మీ నాన్నగారికి అచ్చంగా పనికొచ్చేది అదే. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుంచి కార్మిక శాఖ కొత్త దరఖాస్తులపై నిర్ణయాలు ఆపేసింది. దాని చుట్టూ తిరిగి ఉన్న రెండు నెలలూ పోగొట్టుకోకండి.

ఇప్పుడు మీకు దిక్కు, ఇలా ఉద్యోగం పోయినవాళ్లకు సాయం చేసే డిస్‌లొకేటెడ్ వర్కర్ ప్రోగ్రామ్. ఉద్యోగ శిక్షణ కోసం 2014లో చేసిన డబ్ల్యూఐఓఏ అనే చట్టం కింద నడుస్తోంది. ఉద్యోగం మెక్సికోకు పోయిందా, కంపెనీ దివాలా తీసిందా అన్నది వాళ్లకు అనవసరం. మూసివేత నోటీసు చేతిలో ఉంటే ఆఖరి రోజు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్లొచ్చు. గ్రీన్ కార్డు సరిపోతుంది. వెళ్లాల్సింది ప్రభుత్వ ఉద్యోగ సహాయ కేంద్రానికి. మిగతా రాష్ట్రాల్లో అమెరికన్ జాబ్ సెంటర్ అనేదాన్నే మీ దగ్గర ఒహాయో మీన్స్ జాబ్స్ అంటారు. శిక్షణ డబ్బు అందరికీ కచ్చితంగా వస్తుందని లేదు, నిధులు ఉన్నంతవరకే. కాబట్టి ఆలస్యం చేయొద్దు.

అక్కడ మాట్లాడకుండా ఏ కోర్సుకూ ఫీజు కట్టకండి. రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న కోర్సుకే, అదీ ముందే అనుమతి తీసుకుంటేనే డబ్బు ఇస్తారు. మనవాళ్లలో ఎవరో ఒకరు “టెస్టింగ్ నేర్చుకోండి అంకుల్, మూడు నెలల్లో ఐటీ జాబ్” అని తప్పకుండా అంటారు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించే ఆ దారి నేనెవరికీ చెప్పను. మెషిన్ దగ్గర ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి ఇండస్ట్రియల్ మెయింటెనెన్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల పని) లాంటివి దగ్గరగా ఉంటాయి. ఈ వయసులో రెండేళ్ల డిగ్రీ కన్నా ఆన్ ద జాబ్ ట్రైనింగ్ మేలని నా అభిప్రాయం. పని నేర్పే కాలానికి జీతంలో సగం, కొన్ని సందర్భాల్లో 75 శాతం దాకా, యజమానికి తిరిగి వస్తుంది. “నన్ను తీసుకుంటే మీకు ఈ సాయం దొరకొచ్చు” అని ఇంటర్వ్యూలో నాన్నగారే చెప్పొచ్చు. చాలామంది చిన్న యజమానులకు ఇది తెలియదు.

నిరుద్యోగ భృతికి పని ఆగిన మొదటి వారంలోనే క్లెయిమ్ వేయాలి. ఒహాయోలో గరిష్ఠంగా 26 వారాలు ఇస్తారు. సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) ముడితే ఆ మేరకు కోత పడొచ్చు, హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడగండి. భృతి తీసుకుంటే ఇమిగ్రేషన్‌లో ఇబ్బంది అవుతుందని కొందరు భయపెడతారు. అది పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వానికి భారమయ్యారన్న లెక్క) కిందికి రాదు.

హెల్త్ ఇన్సూరెన్స్ పోయాక కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకోవడం) తీసుకుంటే ప్రీమియం మొత్తం మీదే, పైగా 2 శాతం అదనం. సంతకం పెట్టేముందు మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్లాన్లు చూడండి, కవరేజీ పోయిన రోజు నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. 401కే (కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ పొదుపు) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు, మామూలుగా పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది. నాన్నగారికి ఈ ఏడాదే 55 నిండుతుంటే ఆ కంపెనీ ప్లాన్‌లోని డబ్బుకు పెనాల్టీ లేదు, కానీ దాన్ని ఐఆర్‌ఏలోకి (సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది.

ఇక మీ సంగతి. మానేయకండి. ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉంటే, కాలేజీ వదిలిన ఆరు నెలలకు కిస్తీలు మొదలవుతాయి. ఇంట్లో ఇంకో టెన్షన్ అవుతుంది. మీ ఫాఫ్సాలో (చదువుకు ప్రభుత్వ ఆర్థిక సాయం కోరే ఫారం) ఉన్నది రెండేళ్ల కిందటి ఆదాయం, అంటే నాన్నగారి పూర్తి జీతం. ఆదాయం పడిపోయిందని చూపిస్తే లెక్కను సవరించే అధికారం ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఉంది. దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. అడగనిదే ఎవరూ చేయరు, అడిగినా ఒప్పుకోవాలన్న రూల్ లేదు. ఒప్పుకుంటే మాత్రం పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) రావచ్చు, లేదా పెరగొచ్చు. 2025-26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు. ఈ వారమే వెళ్లి ఏ ఫారం నింపాలో కనుక్కోండి. మూసివేత నోటీసు, చివరి పే స్టబ్, భృతి మంజూరు లేఖ వచ్చినవి వచ్చినట్టు జత చేయండి. అప్పటికీ ఫీజుకు తక్కువైతే ఒక సెమిస్టర్ సబ్జెక్టులు తగ్గించుకుని పార్ట్ టైమ్ పనిచేయండి, కానీ హాఫ్ టైమ్ (పూర్తి సబ్జెక్టుల్లో సగం) కన్నా దిగకుండా చూసుకోండి.