కొత్త షాకులు కొనేముందు టేపు తీసుకో

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. అరకు ఘాట్ మలుపుల్లో గతుకు తగిలినప్పుడల్లా నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బండి వెనక చక్రం ఎగిరి పక్కకు జరుగుతోందనీ, బ్రేకు పట్టగానే ముందు భాగం ఒక్కసారిగా కిందికి దిగిపోతోందనీ, అందుకని గతుకుల అదురును మింగే షాక్ అబ్జార్బర్లు, అదే ఊలిన్స్ కంపెనీ షాకులు, తెప్పించాలనుకుంటున్నావనీ రాశావు. స్వీడన్‌వాళ్ళు 1976 నుంచి అదే పనిగా చేస్తున్న సరుకు కాబట్టి దాని నాణ్యతకు నేను వంక పెట్టను. కానీ ఇంతవరకు నువ్వు బండికి టేపు పెట్టి ఒక్క కొలతైనా తీయలేదని నీ రాతలోనే తెలుస్తోంది.

నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. నా పాత బండి డెబ్బై దాటితే హ్యాండిల్ ఊగేది. ఒక దుకాణదారు మాట పట్టుకుని వెనక షాకులు రెండూ మార్పించాను, ఊగడం మాత్రం పోలేదు. తరవాత ఒక ముసలి మెకానిక్ ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్‌ను వేలితో మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యకు రాగానే అది గాడిలో పడ్డట్టు టక్కున ఆగింది. కోన్ సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, గుంటలు పడ్డాయి, అంతే. కాబట్టి నువ్వు మొదట కోన్ సెట్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ బుష్షులు చూడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంతుందో బండి పుస్తకంతో సరిచూసుకో.

ఇక అసలు పని కుంగుబాటు కొలవడం. దీన్నే సాగ్ అంటారు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలువు. తరవాత స్టాండు దించి, హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా కూర్చుని, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టు. ఒకరు బండిని పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. రాపిడి వల్ల కొలత ఒకేలా రాదు కనుక, ఒకసారి బండిని కిందికి నొక్కి మెల్లగా లేవనిచ్చి, మరోసారి పైకి లేపి మెల్లగా దిగనిచ్చి, రెంటి సగటు తీసుకోవాలి. స్టాండు మీద 560 మిల్లీమీటర్లు, నువ్వు కూర్చున్నాక 526 వచ్చిందనుకో, 34 కుంగినట్టు. నీ బండి వెనక ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, మొత్తం 88 మాత్రమే కాబట్టి అందులో మూడో వంతు, అంటే 26 నుంచి 30 దాకా ఉంటే చాలు. 34 ఎక్కువే. అప్పుడు సి ఆకారపు స్పానర్‌తో రెండు షాకుల ప్రీలోడ్‌నూ, అంటే స్ప్రింగ్‌కు ముందుగా ఇచ్చే నొక్కుడును, సమానంగా ఒక్కో మెట్టు పెంచి మళ్ళీ కొలువు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎత్తు మాత్రమే మారుతుంది. నువ్వు కూర్చున్నప్పుడు కుంగుబాటు సరిగ్గా వచ్చి, నువ్వు దిగిన తరవాత బండి తన బరువుకు దాదాపు ఏమీ కుంగకపోతే, ఆ స్ప్రింగ్ నీ 84 కిలోలకు మెత్తనిదన్నమాట. అలా కాక తన బరువుకే మరీ ఎక్కువ కుంగిపోతుంటే స్ప్రింగ్ నీకు గట్టిదన్నమాట. చూడ్డానికి తలకిందుల లెక్కలా ఉంటుంది గానీ, కాగితం మీద రెండు సార్లు వేసుకుంటే అర్థమవుతుంది. కొత్త షాకులు కొన్నా నీ బరువు, మా కోడలు వెనక కూర్చునే రోజుల సంగతి చెప్పి, తగిన స్ప్రింగ్ అడిగి వేయించుకోకపోతే ఇదే బాధ మళ్ళీ మొదలవుతుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ప్రయాణం 110 మిల్లీమీటర్లు. అక్కడ తిప్పడానికి మరలు లేవు. రబ్బరు తొడుగు ఉంటే పైకి జరిపి, ఫోర్క్ గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించి, గట్టిగా బ్రేకు పట్టి చూస్తే ఎంత దిగుతోందో అదే చూపిస్తుంది. ఆయిల్ మార్చి చాలా కాలమైతే మొదట దాన్నే మార్పించు. ఆయిల్ మట్టం పెంచితే లోపలి గాలి తగ్గి ప్రయాణం చివర్లో గట్టిదనం వస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే దిగడం, లేవడం రెండూ మందగిస్తాయి. డబ్బా మీద 10 అని ఉన్నా ఒక కంపెనీ ఆయిల్, ఇంకో కంపెనీ ఆయిల్ ఒకే చిక్కదనంతో ఉండవు కనుక రెంటినీ కలపకు. ఫోర్క్ మూత కింద స్ప్రింగ్ నొక్కుడు ఉంటుంది, బండిని గట్టిగా ఆనించకుండా విప్పితే మూత మొహం మీదికి ఎగురుతుంది. విశాఖ ఉప్పుగాలికి గొట్టం మీద తుప్పు చుక్కలు పడి సీలు కోసుకుపోతుంది కాబట్టి దాన్నీ గమనించు.

ఇంత చేశాక కూడా షాకులు కావాలనిపిస్తే, రీబౌండ్, అంటే నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పుడు దాన్ని నెమ్మది చేసే పట్టు, సర్దుకునేవి తీసుకో. పొడవు మాత్రం పాతవాటికి సమానంగానే ఉండాలి, ఎందుకంటే వెనక ఎత్తు పెరిగితే హ్యాండిల్ చురుగ్గా తిరిగినా వేగంలో స్థిరత్వం తగ్గుతుంది. సీటు నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే రీబౌండ్ తక్కువ. వరస గతుకుల్లో బండి క్రమంగా కిందికి దిగి రాయిలా గట్టిపడితే రీబౌండ్ ఎక్కువైంది, చక్రం తిరిగి సాగకముందే రెండో గతుకు వస్తోందన్నమాట.

శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో నీకు బాగా తెలిసిన ఒక నాలుగు కిలోమీటర్లు ఎంచుకుని, ఒక్కోసారి ఒక్కటే మార్చి, ప్రతిసారీ ఏం మార్చావో, ఏం అనిపించిందో నోటు పుస్తకంలో రాసిపెట్టు. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, ఊలిన్స్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య