“చూద్దాం అమ్మా” అంటున్నది మీరే

ప్రశ్న: కొరియా అబ్బాయిని పెళ్లి చేసుకుని మూడేళ్లుగా సువాన్‌లో ఉంటున్నాను. ఇప్పుడు ఆరో నెల. పురుటికి పుట్టింటికి వెళ్లే వీలు లేదు. తెనాలి నుంచి అమ్మే వచ్చి ఆరు నెలలు ఉంటానంటోంది, టికెట్ తీయమని రోజూ ఫోన్. నేను “చూద్దాం అమ్మా” అంటూ నెట్టుకొస్తున్నాను. పక్క వీధిలో ఉండే అత్తగారిని అడిగితే “గుల్సే... ఒకసారి ఆలోచిద్దాం” అన్నారు. ఆవిడ ఏదీ తేల్చి చెప్పరు. నా పులిహోర తిని కూడా “రుచిగా ఉన్నట్టుంది” అన్నారు. అది విని అమ్మ చాలా బాధపడింది. కాన్పయ్యాక రెండు వారాలు ఉండడానికి సాన్‌హుజోరివొన్‌లో, అంటే బాలింతలను చూసుకునే కేంద్రంలో, గది మాట్లాడుకున్నాం. అత్తగారితో అవునో కాదో చెప్పించడం ఎలా?

జవాబు: చెప్పించలేరు. ఆ ప్రయత్నం మానేయండి.

ముందు పులిహోర సంగతి. కొరియన్లు కళ్లారా చూసినదానికీ, నోటితో తిన్నదానికీ కూడా “కొత్ గథాయో” తగిలిస్తారు. మాటకు మాట చూస్తే మన “ఉన్నట్టుంది”. తన సొంత అనుభవానికి కూడా ఈ అనుమానం ఏమిటని అక్కడి భాషాభిమానులే విసుక్కుంటారు. అయినా ఆ అలవాటు పోలేదు, ఎందుకంటే అందులో ఉన్నది అనుమానం కాదు. నా మాటే చివరి మాట అనకుండా ఎదుటివాళ్లకు కాస్త చోటివ్వడం. మీ అత్తగారు పులిహోర బాగుందనే అన్నారు. మీరు దాన్ని తెలుగు చేసి తెనాలికి పంపారు. అక్కడికి చేరేసరికి అది అవమానం అయింది.

“గుల్సే” మన “ఏమో” లాంటిది. దాని వెనకే “ఆలోచిద్దాం” వచ్చిందంటే ఆవిడ మనసు వద్దనే వైపే ఉందని నా అంచనా. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు “ఇంటికెళ్లి కబురు చేస్తాం” అంటే మనకు అర్థం కాదా? కాకపోతే ఆవిడ వద్దు అనలేదు. అంటే ఇంకా మాట్లాడుకోవచ్చు. ఇంకొకటి, ఆవిడ ఏదైనా అడిగినప్పుడు మీరు “మొల్లాయో” (తెలియదు) అంటుంటే మానుకోండి. చెప్పే తీరును బట్టి అది “నాకేం తెలుసు” అన్నట్టు తగులుతుంది. “చల్ మొరుగెస్సోయో” అంటే మెత్తగా ఉంటుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ వస్తానంటోంది, అత్తగారు తేల్చడం లేదు. మీకేం కావాలో మాత్రం ఒక్క ముక్క లేదు! అత్తగారు ఒక్కసారి “గుల్సే” అన్నందుకు మీకు ఇంత టెన్షన్. కన్నతల్లికి మీరు రోజూ చెబుతున్నది అదే మాట కదా? నాకైతే ఆరు నెలలు మీకూ ఇష్టం లేదనిపిస్తోంది. ఆ మాట మీ నోటితో అనలేక, అత్తగారు అంటే బాగుండునని చూస్తున్నారు. అది న్యాయం కాదు. రేపు ఆ మాట ఆవిడ అంటే, మీ అమ్మ దృష్టిలో జన్మంతా దోషి ఆవిడే.

పురుటికి తల్లి దగ్గర ఉండాలని గట్టిగా నమ్మేదాన్ని నేను. అందుకే చెబుతున్నాను, మీ అమ్మకు నిజం తెలియాలి. సాన్‌హుజోరివొన్‌లలో చాలా చోట్ల భర్తను తప్ప ఇంకెవరినీ లోపలికి రానివ్వరు. ఆ రెండు వారాలూ మీ అమ్మ భాష రాని ఊళ్లో, ఖాళీ ఫ్లాట్‌లో ఒక్కతే కూర్చోవాలి. ఈ సంగతి ఆవిడకు చెప్పారా? చెప్పి ఉండరు. మీరు ఇంటికి వచ్చే రోజుకు ఆవిడ దిగితే మనవడో మనవరాలో చేతికి వస్తారు, నలుగు పెట్టి నీళ్లు పోయవచ్చు.

ముందు మీ ఆయనతో కూర్చుని ఎన్ని నెలలో తేల్చుకోండి. ఈ ఆదివారమే అమ్మకు ఫోన్ చేసి తేదీలతో సహా చెప్పండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆ తర్వాతే అత్తగారి దగ్గరికి వెళ్లండి. అవునా కాదా అని అడగొద్దు, “ఛిన్‌జొంగ్ ఒమ్మాగా ఒష్యొస్సుమ్యొన్ చొకెస్సోయో” అనండి. పుట్టింటి నుంచి అమ్మ వస్తే బాగుండునని ఉంది, అని. పుట్టింటికి వాళ్లకూ విడిగా ఒక మాట ఉంది చూడండి, ఛిన్‌జొంగ్. మీ ఆయన పుట్టినప్పుడు ఆవిడ దగ్గర ఎవరున్నారో, బాలింతలకు పెట్టే సముద్రపు నాచు సూప్, ఆ మియొక్‌గుక్ ఎవరు వండి పెట్టారో కూడా అడగండి.