ప్యాకేజీ సంగతి తర్వాత, ముందు పాల లెక్క చూద్దాం

ప్రశ్న: సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. పాల సెంటర్ నడుపుతున్నాను. మా పాప బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఎంబీఏలో సిస్టమ్స్ తీసుకుంటానంటోంది. మా బావమరిదేమో అది పాత సబ్జెక్టు, ఇప్పుడంతా బిజినెస్ అనలిటిక్స్ అంటున్నాడు. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో మాట్లాడి పది వేలు అడ్వాన్సు కూడా కట్టించాడు. రెండేళ్లకు తొమ్మిది లక్షలట. ఎంసీఏ మేలని ఇంకొకరు. ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలేవీ ఉండవని టీవీలో చెబుతున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మూడింటినీ పోల్చి దేనికి ప్యాకేజీ ఎక్కువో చెప్పండి. పాప మా సెంటర్ లెక్కలు ఎక్సెల్‌లో రాస్తుంటుంది.

జవాబు: మీ ఉత్తరంలో బావమరిది ఉన్నాడు, టీవీ ఉంది, ప్యాకేజీ ఉంది. పాప ఏమంటోందో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. చివరి వాక్యం ఏదో మాటవరసకు రాసినట్టున్నారు. నాకు పనికొచ్చింది అదే.

పొద్దున్నే మీ సెంటర్ ముందు క్యాన్లు దిగుతాయి. ఒక్కొక్కరి పాలు మిషన్‌లో పెడితే ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) వస్తాయి. చార్టు ప్రకారం రేటు పడుతుంది, చీటీ చేతికొస్తుంది. ఇందులో ఎవరూ ఆలోచించాల్సింది లేదు. బిల్లు రోజు ముందు రాత్రి పాప కూర్చుని ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఎవరి ఫ్యాట్ తగ్గింది, పోయిన బిల్లుకూ దీనికీ తేడా ఎంత అని ఒక పేజీలో తీస్తుంది చూడండి, కంపెనీల్లో దాన్నే ఎంఐఎస్ రిపోర్ట్ అంటారు. పాప తీసుకుంటానంటున్న సిస్టమ్స్‌లో చెప్పేది ఇలాంటివే. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే అదేదో ఆకాశంలో ఉండేది కాదు.

ఇక మీకొక ఆలోచన వచ్చిందనుకోండి. పక్క ఊరికి కూడా ఆటో పంపి పాలు తెప్పిస్తే గిట్టుబాటవుతుందా? డీజిల్, డ్రైవర్ జీతం, ఆ ఊళ్లో వచ్చే లీటర్లు, ఎండాకాలంలో తగ్గే లీటర్లు, మీ కమీషన్. గడుల్లో అంకెలు మార్చుకుంటూ ఇట్లయితే ఎంత, అట్లయితే ఎంత అని చూసుకోవడానికి చేసుకున్న ఏర్పాటు డిసిషన్ సపోర్ట్ సిస్టమ్. అది నిర్ణయం చేయదు, చేసేవాడికి ఆసరా ఇస్తుంది. మరి ఇప్పుడున్న డెయిరీని వదిలి వేరేవాళ్లకు పోయాలా? అక్కడ ఎక్సెల్ ఒక మూల వరకే వస్తుంది. కష్టకాలంలో ఎవరు నిలబడతారన్నది ఏ గడిలో రాస్తారు?

ఈ మూడు రకాల తేడా కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. పద్ధతి ప్రకారం జరిగిపోయే నిర్ణయాలు వేరు, ప్రతిసారీ తల బద్దలు కొట్టుకోవాల్సినవి వేరు అని అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ ఏనాడో విడదీశాడు. 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన మాటను పట్టుకుని 1971లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థకు చెందిన గోరీ, స్కాట్ మోర్టన్ ఇద్దరూ కొంత లెక్క, కొంత మనిషి బుద్ధి కావాల్సిన నడిమి నిర్ణయాల మీద దృష్టి పెట్టారు. డిసిషన్ సపోర్ట్ సిస్టమ్ అన్న పేరు వాళ్లు పెట్టిందే. తర్వాత లెక్కలన్నీ ఒకచోట చేర్చి డేటా వేర్‌హౌస్ అన్నారు, బిజినెస్ ఇంటెలిజెన్స్ అన్నారు, పాత లెక్కల్లోంచి రేపటి అంచనా తీయడాన్ని ఇప్పుడు అనలిటిక్స్ అంటున్నారు. లెక్కకట్టే పద్ధతులు బాగా పెరిగాయి, కాదనను. కానీ మీ బావమరిది పాతదన్న సబ్జెక్టూ కొత్తదన్న సబ్జెక్టూ ఒకే ఇంటి పిల్లలు.

అనలిటిక్స్ మీద నాకున్న అనుమానం చెప్తాను. సబ్జెక్టు మీద కాదు, దాన్ని అమ్ముతున్న తీరు మీద. తిరుపతిలో నా దగ్గరికి తల్లిదండ్రులు తెచ్చే బ్రోచర్లలో కొన్ని మామూలు ఎంబీఏనే. మూడు నాలుగు పేపర్లు మార్చి, రెండు సాఫ్ట్‌వేర్ల పేర్లు అచ్చేసి, ఫీజు పెంచారు. ఆ పేపర్లు చెప్పేదెవరని ఫోన్ చేసి అడిగితే 'ఇండస్ట్రీ నుంచి వస్తారు సార్' అంటారు. ఎవరు, వారానికెన్ని గంటలు అంటే లైను కట్. మంచి కోర్సులూ ఉన్నాయి. వాళ్లు సిలబస్ దాచుకోరు.

నేనూ ఒకప్పుడు ఈ మోజులో పడ్డవాడినే. ఒక కుర్రాడికి అనలిటిక్సే చెయ్యమని గట్టిగా చెప్పి పంపాను. చదివాడు, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాడు. మొదటి సీజన్‌కే మూడేళ్ల కొనుగోళ్లు తీసి, రంగురంగుల గ్రాఫులతో ఈసారి తోతాపురి ఇంత కొనాలని స్క్రీన్ మీద చూపించాడు. వెనక కూర్చున్న పాత స్టోర్స్ మేనేజర్ ఒకటే అడిగాడట: "నిరుటి డ్రమ్ములు గోడౌన్లో ఎన్నున్నాయి నాయనా?" కొనుగోళ్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో, స్టాకు ఇంకోదాంట్లో. వీడు రెండోది తెరిచి చూడలేదు. మన జిల్లాలో ఆ ప్రశ్న ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు చొప్పున ఇవ్వాల్సి వచ్చింది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు పేరుకుపోవడం దానికి ఒక కారణం. ఆ కుర్రాడికి పైథాన్ కోడింగ్ వచ్చు, స్టాకు రిజిస్టర్ చదవడం రాదు. తప్పు వాడిది సగం, నాది సగం.

మీ పాపకు ఆ రెండోది వచ్చు. బీకాం చదివింది, కాస్టింగ్ తెలుసు, లీటరు మీద ఎంత మిగులుతుందో తెలుసు. అనలిటిక్స్ క్లాసులో ఇంజినీరింగ్ పిల్లలు కోడింగ్‌లో ముందుంటారు, మార్జిన్ అనే మాట దగ్గర ఆగిపోతారు. అదంతా మీకు కనబడలేదా? రోజూ మీ ఎదురుగానే కూర్చుని చేస్తోంది కదా. ఎవరో టీవీలో చెప్పింది చెవిన పడింది గానీ, ఇంట్లో పిల్ల చేస్తున్న పని కంటికి ఆనలేదు. కోపం తెచ్చుకోకండి. ఈ మాట మీకన్నా ముందు చాలామంది తండ్రులకు చెప్పాను.

మీ అసలు భయం కోర్సు గురించి కాదని నాకు తెలుసు. పల్లెలో చదివిన పిల్ల వెనకబడిపోతుందేమోనని, రేపు ఏదైనా తేడా వస్తే 'నేను అప్పుడే చెప్పాను' అని బావమరిది అంటాడేమోనని. అంటాడు, అననివ్వండి. పిల్ల వెనకబడదు.

ఏఐ సంగతి దాచకుండా చెప్తాను. పది ఫైళ్ల నుంచి అంకెలు కాపీ చేసి రోజూ సాయంత్రం మెయిల్ పెట్టే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ పని తగ్గుతుంది, తగ్గుతోంది కూడా. ఆ అంకెల్లో తప్పెక్కడుందో పట్టేవాళ్లు, ఏమి అడగాలో తెలిసినవాళ్లు కావాల్సిందే. డ్రమ్ముల గురించి అడిగిన ఆ పెద్దాయనను గుర్తు పెట్టుకోండి.

పోల్చమన్నారు కాబట్టి రెండు మాటలు. ఎంసీఏ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లది. ఇంటర్లోనో డిగ్రీలోనో గణితం ఉండాలన్న నిబంధన కొన్నిచోట్ల ఉండొచ్చు, పాప ఇంటర్లో గణితం లేని సీఈసీ అయితే ముందు అది కనుక్కోండి. ఎంబీఏ సిస్టమ్స్, అనలిటిక్స్ రెండింటికీ పేర్లు చూడొద్దు, సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి. డేటాబేస్, స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్, ఒక నిజమైన ప్రాజెక్టు ఉంటే ఏ పేరైనా సరే. మన పక్కనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఆడపిల్లలకు పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. వాటి గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేకపోవడం నాకు వింతగానే ఉంది. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ వివరాలు వెబ్‌సైట్‌లో ఉంటాయి, వాటితో ఈ పేజీ నింపను. క్లాసులు మొదలయ్యేలోపు డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టమనండి. లెక్కలను గ్రాఫులుగా చూపే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే, మీ సెంటర్ ఏడాది లెక్కలు దాంట్లోకి ఎక్కించమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి ప్రాజెక్టు కాలేజీ ఇవ్వదు.

మొదటి జీతం గురించి అంకె చెప్పను. బ్రోచర్‌లో చూసినదానికన్నా తక్కువే ఉంటుందని మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి. మన చుట్టుపక్కల కరకంబాడి, శ్రీసిటీ ఫ్యాక్టరీల దగ్గర్నుంచి మీరు పాలు పోసే డెయిరీ దాకా రోజువారీ ఉత్పత్తి, స్టాకు, రవాణా లెక్కలు ఎవరో ఒకరు చూడాల్సిందే. అక్కడ మొదలుపెట్టడం నామోషీ కాదు.

తొమ్మిది లక్షలంటే మీ సెంటర్ కమీషన్ ఎన్నేళ్లదో పాపనే అడగండి, నిమిషంలో తీసి చూపిస్తుంది. కట్టిన పది వేలు వెనక్కిస్తారేమో ఒక దరఖాస్తు రాసి అడగండి, రసీదు జాగ్రత్త. రాకపోతే వదిలేయండి. పోయిన పది వేల కోసం మిగతాది కట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను.