కొత్త ప్యానెల్ పెట్టుకోబోయే అమ్మాయికి

నల్లకుంట, హైదరాబాద్.

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొనుక్కున్న పాత థింక్‌ప్యాడ్ మీద డెబియన్ లినక్స్ ఎక్కించి, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతోనే విండోలు సర్దుకోవడం అలవాటు చేసుకుంటున్నావని విన్నప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. అలా విండోలు సర్దే ఐ3 ప్రోగ్రామ్‌తోపాటు వచ్చే బార్, అంటే తెర అంచున గడియారం, బ్యాటరీ లాంటివి చూపించే పట్టీ, మరీ బోసిగా ఉందని, దాని స్థానంలో పాలీబార్ పెట్టుకోవాలని ఉందని అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి, పక్కన పెట్టుకుని చూసుకోవడానికి వీలుగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఎవరో అందంగా తీర్చిదిద్దుకున్న కాన్ఫిగరేషన్ (అమరికల) ఫైలును మొత్తంగా తెచ్చుకుని పని మొదలుపెట్టవద్దు. నేను మొదటిసారి అదే చేశాను. వందల పంక్తులున్న ఆ ఫైలులో వైఫై కార్డు పేరు, బ్యాటరీ పేరు, ఫాంట్ల పేర్లు అన్నీ రాసినవాళ్ల కంప్యూటర్‌వే కావడంతో, నా తెర మీద సగం చోట్ల ఖాళీ పెట్టెలు, మిగతా సగం చోట్ల ఏమీ లేకుండా ఒక పట్టీ వచ్చింది. ఏ పంక్తి దేనికోసమో తెలియక ఒక రాత్రంతా వెతికి, చివరికి దాన్ని తీసేసి పదిహేను పంక్తులతో నా ఫైలు నేనే రాసుకున్నాను. అప్పటి నుంచి ఎక్కడ తేడా వచ్చినా చెయ్యి నేరుగా ఆ పంక్తి మీదికే వెళ్తోంది.

పాలీబార్ ఎక్స్11 అనే తెర వ్యవస్థ మీద మాత్రమే నడుస్తుంది. ఐ3 కూడా అక్కడిదే కాబట్టి నీకు ఇబ్బంది లేదు. ఇన్‌స్టాల్ చేయడానికి సోర్సు తెచ్చుకుని కంపైల్ చేయవలసిన పని లేదు. డెబియన్ 11 నుంచి అది ప్యాకేజీల్లోనే ఉంది కాబట్టి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పాలీబార్ అంటే చాలు. 3.6 వెర్షన్ నుంచి దానితోపాటు ఒక నమూనా ఫైలు ఈటీసీ ఫోల్డర్ కింద పాలీబార్ అనే ఫోల్డర్‌లో వస్తుంది. దాన్ని ఒక పక్కన తెరిచి ఉంచుకుని, నీ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద పాలీబార్ ఫోల్డర్ చేసి, కాన్ఫిగ్ డాట్ ఐఎన్ఐ పేరుతో కొత్త ఫైలు మొదలుపెట్టు. అందులో మొదట బార్ ఎత్తు, రంగు, ఒక ఫాంటు, వర్క్‌స్పేసులు చూపించే ఐ3 మాడ్యూల్, గడియారం ఉంటే చాలు. (బార్‌లో కనిపించే ఒక్కో భాగాన్నీ మాడ్యూల్ అంటారు.)

పాత బార్‌ను మాత్రం అప్పుడే తీసేయకు. ఐ3 బార్ మామూలుగా తెర అడుగున ఉంటుంది, పాలీబార్ పైన వస్తుంది. రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. టెర్మినల్‌లో పాలీబార్ అని, దాని పక్కన నీ బార్‌కు పెట్టిన పేరు కొట్టి నడిపి చూడు. తప్పు ఎక్కడుందో అదే టెర్మినల్‌లో ఎర్రర్‌గా చెబుతుంది, ఆ సందేశాన్ని చదవకుండా దాటవద్దు. ఒక్కో మాడ్యూల్ చేర్చి, నడిపి, నచ్చాకే తరువాతి దానికి వెళ్లు.

బ్యాటరీ దగ్గర కాస్త నిదానించాలి. హాస్టల్లో కరెంటు పోయినప్పుడు నువ్వు నమ్ముకునేది ఆ అంకెనే. సిస్ ఫోల్డర్‌లో క్లాస్ కింద పవర్ సప్లై అనే చోట ఎల్ఎస్ కొట్టి చూస్తే నీ కంప్యూటర్ బ్యాటరీలను ఏ పేరుతో పిలుస్తోందో కనిపిస్తుంది. నీ మోడల్‌కు లోపల ఒకటి, వెనక తీసి పెట్టుకునేది ఒకటి, రెండు బ్యాటరీలు ఉంటాయి కాబట్టి బ్యాట్0, బ్యాట్1 అని రెండు పేర్లు రావాలి. పాలీబార్‌లో ఒక మాడ్యూల్ ఒక్క బ్యాటరీనే చూస్తుంది; అందువల్ల రెండు మాడ్యూళ్లు రాసుకోవాలి. రెండోదానిలో అంతా మళ్లీ రాయకుండా, ఇన్‌హెరిట్ అనే పంక్తితో మొదటిదాని అమరికలు తెచ్చుకుని బ్యాటరీ పేరు ఒక్కటీ మార్చు. పాత బ్యాటరీలు చాలాసార్లు 100 దాకా వెళ్లక 98 దగ్గరో 99 దగ్గరో ఆగిపోతాయి. ఎంత దగ్గర నిండినట్టు లెక్కో చెప్పే ఫుల్-ఎట్ విలువను దానికి తగ్గట్టు పెట్టకపోతే ఎప్పటికీ ఛార్జ్ అవుతున్నట్టే చూపిస్తుంది.

నువ్వు ప్రత్యేకంగా అడిగిన తెలుగు తేదీ సంగతి. లొకేల్‌ను (భాష అమరికను) తెలుగుకు మార్చి వారం పేరు పెట్టుకుంటే వస్తుంది కానీ, అక్షరాలు సరిగా రావు. పాలీబార్ అక్షరాలను ఒక్కొక్కటిగా వరుసలో పేర్చుకుంటూ పోతుందే తప్ప, ఒత్తులను మూల అక్షరంతో కలిపి తీర్చదు. 'శుక్రవారం'లో క కింద క్రావడి రావలసింది పోయి, క మీద పొల్లు, దాని పక్కన విడిగా నిండు ర కనిపిస్తాయి. ఇది ఫాంటు లోపం కాదు కాబట్టి పోతన, వేమన, లోహిత్ అంటూ ఫాంట్లు మార్చి చూసి సమయం పోగొట్టుకోకు. మన అక్షరాలు అలా విరిగి కనిపిస్తే నాకు మనసు ఒప్పదు. అందుకే నా కంప్యూటర్‌లో పైన పాలీబార్‌లో తేదీని అంకెల్లో ఉంచుకుని, అడుగున ఐ3 బార్‌ను కూడా ఉంచేశాను. ఐ3 బార్ అక్షరాలను కలిపి తీర్చే పాంగో అనే లైబ్రరీ ద్వారా గీస్తుంది కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. డేట్ కమాండును నిమిషానికోసారి నడిపే చిన్న స్క్రిప్టును దానికి ఇస్తే చాలు. ఎప్పుడైనా ఐ3 లాంటిదే అయి, ఎక్స్11 అవసరం లేని స్వేకి మారితే అక్కడ వాడే వేబార్ అనే పట్టీలో ఈ ఇబ్బంది ఉండదు.

కంప్యూటర్ తెరవగానే పట్టీ దానంతట అదే రావాలంటే ఒక లాంచ్ స్క్రిప్టు రాసుకుని, ఐ3 కాన్ఫిగ్‌లో ఎగ్జెక్ ఆల్వేస్‌తో దాన్ని పిలవాలి. మోడ్ (ఐ3 కోసం నువ్వు ఎంచుకున్న కీ), షిఫ్ట్, ఆర్ నొక్కి ఐ3ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ పంక్తి మళ్లీ నడుస్తుంది. కాబట్టి స్క్రిప్టు మొదటి పంక్తి పాత పాలీబార్‌ను ఆపేదై ఉండాలి. లేకపోతే ఒకదాని మీద ఒకటి రెండు మూడు పట్టీలు పేరుకుంటాయి. స్క్రిప్టుకు సీహెచ్‌మాడ్‌తో నడిచే అనుమతి ఇవ్వడం మరిచిపోకు. అనుమతి లేకపోతే పట్టీ రాదు, ఎందుకు రాలేదో తెర మీద కనిపించదు.

ఐకాన్ల చోట పెట్టెలు కనిపిస్తే ఫాంట్ ఆసమ్ ప్యాకేజీ వేసుకుని, ఎఫ్‌సీ లిస్ట్ కమాండు చూపిన పేరునే ఉన్నదున్నట్టు ఫైలులో రాయి. సొంత స్క్రిప్టులు చేర్చుకుంటే ఎంతసేపటికోసారి నడవాలో చెప్పే ఇంటర్వల్ పెద్దదిగా పెట్టు. కొత్త అప్‌డేట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే స్క్రిప్టును ప్రతి సెకనుకూ నడిచేలా పెట్టి, ఫ్యాన్ ఎందుకు ఆగడం లేదా అని నేను రెండు రోజులు వెతికాను. ఇప్పుడు అది అరగంటకోసారి నడుస్తోంది.

రెండు బ్యాటరీల మాడ్యూళ్లూ పని చేయడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం ఛార్జర్ తీసేసి, ప్రతి అరగంటకూ రెండు అంకెలూ కాగితం మీద రాసి నాకు పంపు. వెనక బ్యాటరీ ఎంత వేగంగా తగ్గుతోందో చూసి, దాన్ని మార్చాలో ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చో చెబుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న